పాత పడవకు కొత్త చూపు

హుస్సేన్‌సాగర్ నుంచి పొంగిన నీరు అశోక్‌నగర్ పక్కగా దిగి, చిక్కడపల్లి, నారాయణగూడ, నల్లకుంట ప్రాంతాల గుండా నాలాగా పారి, అంబర్‌పేట దాపున మూసీలో కలుస్తుంది. అక్కడినుంచి మూసీతోపాటు నల్లగొండ జిల్లా వాడపల్లి చేరి కృష్ణలో, చివరకు హంసలదీవి దగ్గర బంగాళాఖాతంలో పడుతుంది. ఈ నాలా వంతెనలు దాటేవాళ్ళు ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుంటారు. సముద్రానికీ తమ పేటలకూ వున్న చుట్టరికం ఈ మురుగు నీరొక్కటే అనుకుంటే మాత్రం పొరపాటు.

నాలాకు ఎగువన వున్న ఆ చెరువులో వర్షాకాలం వచ్చిందంటే తెల్లని తెరచాపలు లేస్తాయి. 1980ల నుంచి 'హైదరాబాద్ సెయిలింగ్ వీక్' పేరున అక్కడ పందాలు జరుగుతున్నాయి. సైన్యానికి చెందిన ఈఎంఈ సెయిలింగ్ సంఘం, సికిందరాబాద్ సెయిలింగ్ క్లబ్బు, ఆ తరువాత వచ్చిన యాచ్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ అక్కడ పిల్లలకూ పెద్దలకూ తెరచాప కట్టడం, గాలిని పట్టడం నేర్పుతున్నాయి.

ఆ పడవలు చిన్నవి. లేజర్ అనే రకం నాలుగు మీటర్ల పైచిల్లర పొడవు. పిల్లలు నడిపే ఆప్టిమిస్టు రెండు మీటర్ల చిల్లర మాత్రమే. కూర్చున్నవారికి నాలుగు దిక్కులా గట్టు కనబడుతూనే వుంటుంది. నడుమ 1992 డిసెంబరులో నిలిపిన బుద్ధ విగ్రహం వుండనే వుంది. దారి తప్పే ప్రసక్తి లేదు గనుక వాటిలో దారి చూసే సామగ్రి వుండదు. గట్టు కనుమరుగైన చోటనే ఆ సామగ్రి అవసరం మొదలవుతుంది.

హైదరాబాద్ నుంచి అంత దూరం పోయినవారున్నారా అంటే, వున్నారు. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి బయల్దేరిన నౌకాదళపు తెరచాప పడవ 'తారిణి'లో ఆరుగురు మహిళా అధికారులుంటే, వారిలో ఇద్దరు తెలుగు ఆడపడుచులు. లెఫ్టినెంట్ బొడ్డపాటి ఐశ్వర్య హైదరాబాద్ అమ్మాయి, లెఫ్టినెంట్ కమాండర్ పాతర్లపల్లి స్వాతి విశాఖపట్నం అమ్మాయి. లెఫ్టినెంట్ కమాండర్ వర్తికా జోషి నాయకురాలు. 254 రోజుల తరువాత, 2018 మే 21న వారు తిరిగి గోవాలో అడుగు పెట్టారు. పసిఫిక్ సముద్రంలో గంటకు 140 కిలోమీటర్ల గాలిని, మేడ ఎత్తు అలలను దాటి వచ్చారు. ప్రయాణం చివరి భాగంలో చుక్కాని యంత్రాంగం చెడితే మారిషస్‌లో ఆగి బాగు చేయించుకున్నారు.

వారు చుట్టిన దూరం సుమారు 21,600 నాటికల్ మైళ్ళు. ఈ అంకె వెనుక చిన్న తమాషా వుంది. భూగోళపు చుట్టుకొలతను 360 డిగ్రీలుగా, డిగ్రీని 60 నిమిషాలుగా భాగిస్తారు. 360ని 60తో గుణిస్తే 21,600. ఒక నిమిషమంత దూరమే ఒక నాటికల్ మైలు, అంటే 1,852 మీటర్లు. ఈ 'నిమిషం' గడియారపు నిమిషం కాదు, భూమిని కొలిచే నిమిషం. అంబర్‌పేట 17 డిగ్రీల 23 నిమిషాల ఉత్తర అక్షాంశం, 78 డిగ్రీల 31 నిమిషాల తూర్పు రేఖాంశం దగ్గర వుంది. రేఖాంశంలో ఒకటిన్నర నిమిషం పొరబడితే మన పడవ అంబర్‌పేటలో కాక నారాయణగూడలో వున్నట్లు లెక్క తేలుతుంది. నగరంలో అయితే సిటీబస్సు ఎక్కి సర్దుకోవచ్చు. సముద్రంలో అంత తేడాలో ఒక రాతి దిబ్బ వుండవచ్చు.

ఆ తేడా రాకుండా కాచేదే పడవ కడుపులో వుండే చార్టు బల్ల.

బల్ల కాదు, కచేరీ

ఈ బల్ల సాధారణంగా పడవ లోపలికి దిగే మెట్ల పక్కనే వుంటుంది. పైన చుక్కాని పట్టినవారు కేకేస్తే లోపల కూర్చున్నవారికి వినబడాలి, లోపలివారు చెప్పేది పైవారికి అందాలి. బల్లపై చెక్కను మూతలా లేపితే కింద సముద్ర పటాలు పరచి వుంటాయి. ఎదుట గోడకు పరికరాలు: లోతు చెప్పేది, వేగం చెప్పేది, గాలి ఏ దిక్కున ఎంత వీస్తున్నదో చెప్పేది, ఉపగ్రహాల ద్వారా వున్నచోటు చెప్పే జీపీఎస్, చుట్టుపక్కల ఓడల పేర్లు, దారి, వేగం చూపే ఏఐఎస్, ఇతర ఓడలతో మాట్లాడే రేడియో. ఆ పక్కనే పడవ మొత్తానికి కరెంటు పంచే స్విచ్చిల పలక. సొరుగులో పెన్సిళ్ళు, రబ్బరు, వృత్తలేఖిని, సమాంతర బద్దలు, లాగు పుస్తకం. గ్రామ కచేరీలో పహాణీ ఎంతటిదో పడవలో లాగు పుస్తకం అంతటిది. గంట గంటకూ ఎక్కడున్నదీ, ఎటు పోతున్నదీ, గాలి ఎంతన్నదీ, వాయుపీడనం ఎంతన్నదీ అందులో రాయాలి.

'తారిణి' 2017 ఫిబ్రవరి 18న నౌకాదళంలో చేరిన పడవ. గోవా దివార్ ద్వీపంలోని అక్వేరియస్ షిప్‌యార్డులో తయారైంది. పొడవు 17 మీటర్లు, తెరచాప స్తంభం 25 మీటర్లు. ఒడిశాలో గంజాం జిల్లా తారా తారిణి అమ్మవారి పేరు పెట్టారు. పూర్వం ఆ తీరపు వర్తకులు, నావికులు కొలిచిన దేవత ఆమె. రేమెరైన్ వారి దారిచూపే పరికరాలు, ఉపగ్రహ టెలిఫోను సదుపాయాలు పుట్టుకతోనే వచ్చాయి.

అయితే పడవ కూడా మనిషిలాగే ముసలిదవుతుంది. ఇదే 'తారిణి' 2024 అక్టోబరు 2న మళ్ళీ భూప్రదక్షిణకు బయల్దేరినప్పుడు దాని వయసు ఏడేళ్ళు దాటింది. ఈసారి పడవలో లెఫ్టినెంట్ కమాండర్లు దిల్న, రూప ఇద్దరే. ఎనిమిది నెలలు తిరిగి 2025 మే 29న గోవా చేరారు. ఏడేళ్ళు పెద్ద వయసేమీ కాదు. ప్రపంచంలో ముప్పై, నలభై ఏళ్ళు దాటిన తెరచాప పడవలు ఇంకా సముద్రం మీద తిరుగుతున్నాయి. వాటి కొయ్యా, ఫైబరూ గట్టిగానే వుంటాయి. ముందుగా ముసలిదయ్యేది ఈ బల్ల చుట్టూ వున్న సరంజామాయే.

చచ్చిన యంత్రాల కొలువు

ఎందుకలా? ఒక నలభై ఏళ్ళ పడవ కథ వూహించుకుంటే తెలుస్తుంది. పడవ పుట్టినప్పుడు బల్ల మీద రేడియో స్టేషను దిక్కు కనిపెట్టే పెట్టె ఒకటి, లోతు చూపే గుండ్రటి డబ్బా ఒకటి వుండేవి. కొన్నాళ్ళకు యజమాని డెక్కా అనే యంత్రం తెచ్చి బిగించాడు. బ్రిటన్‌లో డెక్కా స్టేషన్లను 2000లో మూసివేశారు. నడుమ 'ట్రాన్సిట్' ఉపగ్రహాల యంత్రం వచ్చింది. ఆ ఉపగ్రహాల దారిచూపే సేవ 1996లో ఆగిపోయింది. అంతకు ముందు ఏడాదే జీపీఎస్ పూర్తి స్థాయిలో పనిచేయడం మొదలైంది. ప్రతిసారీ కొత్తది బిగించారే గాని పాతదాన్ని విప్పినవారు లేరు. విప్పినా పెట్టె తీసి, దాని వైరును కత్తిరించి, గోడ వెనుకకు తోసేశారు.

ఫలితం? స్విచ్చిల పలక వెనుక మూత తీసి చూస్తే పిచ్చుక గూడు కనబడుతుంది. ఎర్రది, నల్లది, పసుపుది, ఏ వైరు ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో చెప్పగలిగినవారు ఎవరూ వుండరు. కొన్నింటికి ఇన్సులేషన్ టేపు జిగురు కారిపోయి వేలాడుతూ వుంటుంది. ఫ్యూజు బదులు సిగరెట్ రేకు చుట్టిన ఘనులు కూడా వుంటారు. బోరుబావి దగ్గర పదిహేనేళ్ళుగా పదిమంది చేతులు పడిన స్టార్టరు డబ్బా మూత తెరిచి చూసిన రైతుకు ఈ దృశ్యం విడమరచి చెప్పనక్కరలేదు. పొలంలో మోటారు ఆగితే ఒక తడి పోతుంది. అక్కడ దీపం ఆరితే చీకట్లో ఎదురొచ్చే ఓడకు ఈ పడవ కనబడదు.

పొలానికి లేని పీడ ఒకటి సముద్రంలో వున్నది. అది ఉప్పు. ఉప్పుగాలి వైరు కొసలో దూరి, రాగి పోగుల వెంట లోపలికి పాకుతుంది. పైకి ప్లాస్టిక్ తొడుగు నిగనిగలాడుతూనే వుంటుంది. కోసి చూస్తే లోపల రాగి నల్లబడి, పచ్చని చిలుము రాలుతుంది. అటువంటి తీగలో కరెంటు పోదా అంటే, పోతుంది. సగం దారిలో బలం చచ్చి పోతుంది. బ్యాటరీ దగ్గర 12 వోల్టులున్నది, రేడియో దగ్గరకు వచ్చేసరికి పదీ పదకొండూ అయి కూర్చుంటుంది. వినడానికి రేడియో బాగానే పలుకుతుంది, మాట్లాడటానికి మీట నొక్కగానే ఆరిపోతుంది. ఎందుకంటే వినడం కన్న పంపడానికి కరెంటు ఎన్నో రెట్లు కావాలి. రేవులో వింటూ 'రేడియో బాగుంది' అనుకున్నవారికి ఈ సంగతి ఆపదలో పిలిచినప్పుడు గాని తెలియదు.

ముందు చీపురు, తరువాత కొనుగోలు

పాత పడవ కొన్నవారు చాలామంది మొదట చేసే పని కొత్త తెర కొనుక్కురావడం. పెద్దది, రంగులది, వేలితో తాకితే పటం కదిలేది. దాన్ని ఆ పిచ్చుక గూటికే మరో రెండు వైర్లు ముడివేసి వెలిగిస్తారు. పని తెలిసినవారు చేసే వరుస వేరు. ముందు చీపురు, తరువాత కొనుగోలు.

మొదటి రోజున కొత్తదేదీ పెట్టరు. కాగితం, పెన్సిలు తీసుకుని వున్న ప్రతి వైరునూ కొస నుంచి కొస దాకా వెతికి బొమ్మ గీస్తారు. ఒకరు స్తంభం దగ్గర వైరు లాగితే మరొకరు బల్ల దగ్గర కదిలినదాన్ని పట్టుకుంటారు. దేనికీ అంటని వైర్లను నిర్దాక్షిణ్యంగా బయటికి లాగేస్తారు. పెద్ద పడవలో ఇలా తీసిన చచ్చిన వైర్లు మోయలేనంత మోపు అవుతాయి. పడవ తేలికపడటం అటుంచి, ఏదైనా చెడినప్పుడు వెతకవలసిన పొద సగానికి సగం తగ్గుతుంది.

మిగిలిన వాటికి రెండు కొసలా పేర్లు అంటిస్తారు. 'లోతు', 'స్తంభం దీపం', 'రేడియో' అని. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది. పడవను బిగించినవాడే నడపడు, నడిపేవాడే బాగుచేయడు. వాంతులవుతున్న మనిషి, ఒక చేత్తో గోడ పట్టుకుని, నోట్లో టార్చిలైటు పెట్టుకుని ఆ మూత తెరిచే వేళ పేరు రాసిన చీటీ విలువ తెలుస్తుంది.

కొత్త వైరు వేసేచోట మామూలు రాగి వైరు పనికిరాదు. పోగు పోగుకూ తగరం పూత పూసిన వైరు వాడాలి, ఖరీదు ఎక్కువైనా సరే. మన పాత రాగి బిందెకు కళాయి ఎందుకు పెట్టేవారో ఇదీ అందుకే. కొసలను మెలిపెట్టి టేపు చుట్టరాదు. లగ్గు తొడిగి, దానికని వున్న ప్లేరుతో గట్టిగా నొక్కి, పైన వేడికి ముడుచుకునే గొట్టం వేయాలి. సోల్డరింగు ఇంకా గట్టి గదా అని అడగవచ్చు. సోల్డరు పారినంత మేర తీగ పుల్లలా బిరుసెక్కుతుంది. పడవ రాత్రింబవళ్ళు అదురుతూనే వుంటుంది గనుక బిరుసు ఆగిన చోట తీగ విరుగుతుంది. వైరు డబ్బాలోకి దూరేముందు కిందికి వంపు తిరిగి మళ్ళీ పైకి ఎక్కేలా కట్టాలి. వైరు వెంట జారిన నీటి బొట్టు ఆ వంపులో కింద రాలుతుంది, డబ్బాలోకి పోదు. మీటరు దగ్గర సర్వీసు వైరును లైన్‌మన్ వంచి కట్టడం చూసినవారికి ఈ కిటుకు తెలిసినదే.

ఇక ఫ్యూజు. అది కాపాడేది యంత్రాన్ని కాదు, వైరును. అందువల్ల ప్రధాన ఫ్యూజు బల్ల దగ్గర కాదు, బ్యాటరీకి జానెడు దూరంలోనే వుండాలి. నడుమ వైరు ఎక్కడైనా ఒరుసుకుని అంటుకుంటే ఆర్పే ఫైరింజను సముద్రం మీదికి రాదు.

తొట్టి ఎంత, పంపు ఎంత?

శుభ్రం అయిన తరువాత లెక్క. కొత్త యంత్రాలన్నీ ఒకే తొట్టిలో నీళ్ళు తాగే పశువులు. ఆ తొట్టి బ్యాటరీ. ఉదాహరణకు వంద ఆంపియర్-గంటల లెడ్ బ్యాటరీ వుందనుకుందాం. దాన్ని సగానికి మించి దించితే త్వరగా చెడిపోతుంది గనుక వాడుకోదగినది యాభై మాత్రమే. పటం చూపే తెరకు ఒకటిన్నర ఆంపియర్లు, రేడియోకు అర, ఏఐఎస్‌కు అర, లోతూ గాలీ చూపే వాటికి మరో అర, దీపాలకు ఒకటి అనుకుంటే మొత్తం నాలుగు. ఇరవై నాలుగు గంటలకు తొంభై ఆరు. తొట్టి పన్నెండు గంటలకే ఎండింది. తనంతట చుక్కాని పట్టే యంత్రం లెక్క ఇంకా చేర్చనే లేదు.

అయితే బ్యాటరీలు పెంచాలా? పెంచవచ్చు, సౌరఫలకలూ పెట్టవచ్చు. వాటికన్న ముందు చేయవలసిన చవకైన పని బల్బులు మార్చడం. స్తంభం కొసన వుండే పాతకాలపు 25 వాట్ల బల్బు రాత్రి పన్నెండు గంటలు వెలిగితే పాతిక ఆంపియర్-గంటలు తాగుతుంది. అదే వెలుగునిచ్చే ఎల్ఈడీ దీపానికి రెండున్నర, మూడు చాలు. ఒక్క బల్బు మార్పుతో సగం రోజు రేడియో, ఏఐఎస్, లోతు యంత్రం నడిచేంత మిగిలింది. కొత్త తెర కొనమని చెప్పే దుకాణాల్లో ఈ మాట ఎవరూ చెప్పరు.

బల్ల మీద వెలిగే దీపం ఎర్రదై వుండాలి. మనిషి కళ్ళు చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై నుంచి ముప్పై నిమిషాలు పడుతుంది. తెల్ల దీపం ఒక్కసారి చూస్తే ఆ చూపంతా పోయి, పైకి వెళ్ళగానే గుడ్డివారవుతారు. మంద ఎర్రదీపం చూపును అంతగా చెరపదు. కొత్త తెరలకు కూడా రాత్రివేళ మసకబరిచే మీట వుంటుంది. అది ఎక్కడుందో పగలే నేర్చుకోవాలి.

మరొక తిరకాసు దిక్సూచిది. రేడియో స్పీకరులో అయస్కాంతం వుంటుంది. కొత్త స్పీకరును ముచ్చటపడి దిక్సూచి దగ్గర బిగిస్తే ముల్లు దానివైపు మొగ్గుతుంది. కరెంటు పారే వైరు కూడా ముల్లును కొద్దిగా లాగుతుంది. అందుకని దిక్సూచి దాపున పోయే జంట వైర్లను పేనిన తాడులా మెలిపెట్టి తీసుకుపోతారు, ఒకదాని లాగుడు మరొకదానితో సరిపోతుంది. ఏ యంత్రం ఎక్కడికి మార్చినా తరువాత దిక్సూచిని మళ్ళీ సరిచూసుకోవాలి.

తెరమీద లేని దిబ్బ

ఇంత చేసి, మంచి తెర పెట్టుకుంటే ఇక భయం లేదా? 2014 నవంబరు 29 రాత్రి జరిగిన సంగతి చెప్పుకోవాలి. వోల్వో ఓషన్ రేస్ అనే ప్రపంచ ప్రసిద్ధ పందెంలో 'టీమ్ వెస్టాస్ విండ్' అనే పడవ కేప్‌టౌన్ నుంచి అబుదాబీకి పరుగెత్తుతున్నది. తొమ్మిది మంది ఆరితేరిన నావికులు. అప్పటికి లభించే మేలైన పరికరాలన్నీ వున్నాయి. మారిషస్‌కు ఈశాన్యంగా కర్గడోస్ కరజోస్ అనే పగడపు దిబ్బలున్నాయి. చీకట్లో, పూర్తి వేగంతో వెళ్ళి ఆ దిబ్బలకే గుద్దుకున్నది పడవ. వెనుక భాగం చెక్కలైంది. అదృష్టవశాత్తు తొమ్మిది మందీ ప్రాణాలతో బయటపడ్డారు.

పటంలో ఆ దిబ్బ లేకనా? వున్నది. అయితే తెరమీద పటాన్ని దూరం నుంచి చూసినట్లు చిన్నది చేసినప్పుడు దిబ్బ సరిగా కనబడలేదు. దగ్గరకు లాగి చూస్తేనే రాళ్ళు బయటపడతాయి. తరువాత విచారణ జరిపిన స్వతంత్ర సంఘం కూడా ఈ సంగతిని ఎత్తిచూపింది. పెద్ద కాగితపు పటమైతే బల్లమీద పరిచి వుంటుంది. దారి గీత గీస్తూ పెన్సిలు ఆ చోటు మీదుగా పోకతప్పదు. తెర చూపేది మనం అడిగిన మేరకే.

అందుకే పాత పడవలను కొత్తగా సర్దేవారిలో ఆలోచనగలవారు బల్లను మాత్రం తీసివేయరు. పెద్ద తెర వచ్చింది గదా, బల్ల దండగ, ఆ చోట ఇంకొక పరుపు పడుతుందని లెక్కలు వేసేవారూ వున్నారు. అమెరికాలో ఆ దేశపు తీర సంస్థ తన సంప్రదాయ కాగితపు పటాల ముద్రణను 2025 ప్రారంభానికల్లా నిలిపివేసింది. మన దేశపు సముద్ర పటాలను తయారుచేసేది డెహ్రాడూన్‌లోని జాతీయ హైడ్రోగ్రాఫిక్ కార్యాలయం. సముద్రానికి అంత దూరాన కొండల్లో వుండి తీరం గీస్తారన్నది విన్నవారికి వింతగానే వుంటుంది. ఆ మాటకొస్తే అలల ఎత్తు, తుపాను పోటు, సునామీ హెచ్చరికలు చెప్పే జాతీయ కేంద్రం 'ఇన్‌కాయిస్' వున్నది కూడా అలలేని మన హైదరాబాద్ ప్రగతినగర్‌లోనే.

కాగితపు పటానికి తోడు సెక్స్టాంట్, గడియారం. సూర్యుడో నక్షత్రమో క్షితిజానికి ఎంత ఎత్తున వున్నదీ కొలిచి, ఆ క్షణాన గడియారం చూసి, పట్టికలతో లెక్క కడితే వున్నచోటు తెలుస్తుంది. భూమి నాలుగు సెకన్లకు ఒక నిమిషం రేఖాంశం తిరుగుతుంది. అంటే గడియారం ఆరు సెకన్లు తప్పితే చాలు, ఇందాక చెప్పిన అంబర్‌పేట నారాయణగూడ అయిపోతుంది. 1985లో బయల్దేరి 1987లో తిరిగివచ్చిన సైనిక ఇంజనీర్ల 'తృష్ణ' పడవ, భారతీయులు తొలిసారి భూమిని చుట్టిన పడవ, జీపీఎస్ ఇంకా పూర్తికాని రోజులది. అమెరికా నౌకాదళ విద్యాలయం ఈ నక్షత్ర విద్యను అక్కరలేదని కొన్నాళ్ళు పక్కకు పెట్టి, 2015లో మళ్ళీ పాఠాల్లోకి తెచ్చుకుంది.

చేయి అందని సంచి

ఏ వస్తువు వున్నదన్నది ఒక ఎత్తు. అది ఎక్కడ వున్నదన్నది మరొక ఎత్తు. ఈ రెండవది 2018లో నౌకాదళ అధికారి అభిలాష్ టోమీ విషయంలో ప్రాణం మీదికి వచ్చింది. ఒంటరిగా, ఆగకుండా భూమి చుట్టి వచ్చిన తొలి భారతీయుడాయన. 2013లో 'మాదేయి' పడవలో ఆ ఘనత సాధించారు. 2018లో 'గోల్డెన్ గ్లోబ్' పందెంలో 'తురియ' అనే పడవలో పాల్గొన్నారు. 1968 నాటి పద్ధతులతోనే నడపాలన్నది ఆ పందెం నియమం. కాగితపు పటాలు, సెక్స్టాంట్ తప్ప జీపీఎస్ చూడరాదు.

సెప్టెంబరు 21న దక్షిణ హిందూ మహాసముద్రంలో తుపాను ఆ పడవను తిరగేసింది. స్తంభాలు విరిగాయి. అభిలాష్ వెన్నుకు తీవ్రమైన దెబ్బ తగిలి మంచం మీది నుంచి కదలలేకపోయారు. ముఖ్యమైన ఉపగ్రహ ఫోను పనిచేయలేదు. రెండవ ఫోను, చేతి రేడియో ఆపద సంచిలో భద్రంగానే వున్నాయి. భద్రంగా వున్నాయి గాని ఆయన చేతికి అందలేదు. అదే పడవలో, కొద్ది అడుగుల దూరంలో! చేతికి మిగిలిన చిన్న సందేశ యంత్రం మీదనే పొట్టి పొట్టి మాటలు పంపారు. నౌకాదళ విమానం పడవ జాడ పట్టింది. సెప్టెంబరు 24న 'ఒసిరిస్' అనే ఫ్రెంచి నౌక వచ్చి రక్షించింది. విరిగిన వెన్నుకు ఆపరేషను అయి కోలుకున్నాక ఆయన మళ్ళీ అదే పందానికి వెళ్ళి, ఎన్నో ఏళ్ళు వాడిన 'రస్లర్ 36' రకం పడవతో 2023 ఏప్రిల్‌లో రెండవ స్థానంలో వచ్చారు.

ఇక పాత పడవ బల్ల సర్దేవారు గోడకు ఏది ఎక్కడ బిగించాలో తేల్చుకునేది ఈ లెక్కమీదనే. రేడియో మైకు కుర్చీలో కూర్చున్నవారికే కాక నేలమీద పడివున్నవారికి కూడా అందేలా తీగ పొడవుగా వుండాలి. కొత్త రేడియోల మీద ఎర్ర మీట ఒకటి మూత కింద వుంటుంది. దాన్ని నొక్కి పట్టుకుంటే పడవ తొమ్మిది అంకెల గుర్తింపుతో సహా ఆపద కబురు దానంతట అదే వెళుతుంది. ఆ రేడియోకు జీపీఎస్ వైరు కలిపితేనే ఎక్కడున్నదీ కూడా వెళుతుంది. కొత్త రేడియో బిగించి ఈ రెండు సన్నని వైర్లు కలపకుండా వదిలేసిన పడవలు కొల్లలు. మీట నొక్కితే కబురైతే పోతుంది గాని, ఎక్కడికి రావాలో వినేవారికి తెలియదు.

పెన్సిలు బల్ల మీద నిలవదు గనుక అంచుకు బొటనవేలెత్తు చెక్క కట్టాలి. కుర్చీకి నడుము పట్టీ వుండాలి. దిక్సూచి, టార్చిలైటు, చేతి జీపీఎస్, దాని విడి బ్యాటరీలు ప్రధాన కరెంటుతో సంబంధం లేకుండా ఒక మూత డబ్బాలో, ఎప్పుడూ ఒకే చోట వుండాలి. వంటింట్లో కరెంటు పోతే అగ్గిపెట్టె కోసం తడమకుండా నేరుగా చేయి గూటి మీదికి పోయే ఇల్లాలి అలవాటు ఎలాంటిదో ఇదీ అలాంటిదే.

అంతా బిగించాక చివరి పరీక్ష పగలు చేయరు. రాత్రి పడవను రేవు దాటించి, ఎవరికీ చెప్పకుండా ఒకరు ప్రధాన స్విచ్చి కట్టేస్తారు. తెర ఆరుతుంది, రేడియో మూగబోతుంది, దీపాలు పోతాయి. బల్ల దగ్గర కూర్చున్నవారు అప్పుడు టార్చిలైటు తీసి, లాగు పుస్తకంలో గంట కిందట రాసిన చోటు చూసి, దిక్సూచి మీద దిక్కు, గడియారం మీద కాలం, నడిచిన వేగం లెక్కకట్టి, పటం మీద పెన్సిలుతో ఒక చుక్క పెట్టాలి. తరువాత స్విచ్చి వేసి, తెర వెలిగాక, అది చూపే చోటుకూ పెన్సిలు చుక్కకూ ఎంత దూరం వచ్చిందో కొలుస్తారు. దూరం ఎక్కువైతే మర్నాడు రాత్రి మళ్ళీ.